ఒక్కడికే గద్దె, మిగతా వాళ్ళకు మనోవర్తి

వెంకటగిరి రాజా వెలుగోటి కుమార యాచమ నాయుడికి కొడుకులకు కొదవ లేదు. గద్దె మాత్రం ఒక్కటే. 1878లో, తాను బతికుండగానే, దాన్ని పెద్దకొడుకు రాజగోపాలకృష్ణ యాచేంద్రకు అప్పగించి ఆయన పక్కకు తప్పుకున్నాడు. మరి మిగిలిన కొడుకుల సంగతేమిటి? ఒకడు బొబ్బిలికి దత్తత వెళ్ళి వేంకట శ్వేతాచలపతి రంగారావు అయ్యాడు. ఇంకొకడు నిజాం రాజ్యంలోని జటప్రోలుకు వెళ్ళి సురభి వారి ఇంటిపేరు పెట్టుకున్నాడు. మరొకడు పిఠాపురానికి దత్తుడయ్యాడు. మొదటి ఇద్దరూ ఆ సంస్థానాలను ఏలారు. మూడోవాడు దావాలో పడ్డాడు. ఆ దావా లండన్ దాకా వెళ్ళింది. చెన్నపట్నం ప్రభుత్వం కొత్త చట్టం చెయ్యక తప్పని పరిస్థితి తెచ్చింది. ఇప్పటికీ హిందూ న్యాయశాస్త్ర పుస్తకాల్లో 'పిఠాపురం కేసు' అంటే లాయర్లకు తెలియనిది కాదు.

రైతు ఇంట్లో నలుగురు కొడుకులుంటే నాలుగెకరాలు నాలుగు ముక్కలవుతాయి. గట్టు దగ్గర తగువొస్తుంది, బావి నీళ్ళ వంతు దగ్గర మాటామాటా పెరుగుతుంది, పెద్దమనుషులు కూర్చుంటారు, చివరికి ఎవరి ముక్క వాళ్ళకొస్తుంది. రాజుగారి ఇంట్లో అలా కాదు. నాలుగు వందల ఊళ్ళున్నా అన్నీ పెద్దవాడివే. తమ్ముళ్ళకు దక్కేది మనోవర్తి, అంటే ఏటా ఇంత సొమ్మనో, అనుభవించుకోవడానికి రెండు మూడు ఊళ్ళనో ఇచ్చే ఏర్పాటు. దీనికి కోర్టులు పెట్టిన పేరు అవిభాజ్య ఎస్టేటు. పేరు వింటే మనువు కాలం నాటి ఆచారంలా అనిపిస్తుంది. కాని ఏ ఎస్టేటు విడదీయకూడనిది, ఏది పంచుకోదగ్గది అన్న సంగతి చాలా చోట్ల 19వ శతాబ్దంలోనే, కాగితాల మీదే తేలింది.

ధర్మశాస్త్రమైతే పంచమనే చెబుతుంది. తెలుగుదేశంలో ఆస్తి తగాదాలకు ఆధారం విజ్ఞానేశ్వరుడి మితాక్షర. దాన్ని 13వ శతాబ్దంలోనే మూలఘటిక కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి న్యాయశాస్త్ర గ్రంథం అదే అనుకోవచ్చు. మితాక్షర ప్రకారం పిత్రార్జితం మీద కొడుక్కి హక్కు పుట్టుకతోనే వస్తుంది. తండ్రి ఇష్టపడి ఇవ్వాల్సిన పని లేదు, తండ్రి పోయేదాకా ఆగాల్సిన పనీ లేదు. అందువల్ల ఒక ఎస్టేటు అవిభాజ్యమని ఎవరైనా అంటే, ఆ సంగతి రుజువు చేసే భారం అన్నవాడి నెత్తినే పడేది.

రుజువుకు మూడు దారులుండేవి. ఆ ఎస్టేటు ఒకప్పుడు రాజ్యమో, సైన్యాన్ని పోషించే పాలెమో అయి ఉండాలి. లేదా కంపెనీవారు ఇచ్చిన సన్నదులోనే, అంటే హక్కు పత్రంలోనే, ఆ మాట ఉండాలి. అదీ కాకపోతే తరతరాలుగా ఆ ఇంట్లో ఒక్కడికే దక్కుతూ వచ్చిందని ఆచారం చూపించాలి. దాంతో కోర్టుల్లోకి వంశవృక్షాలు దిగాయి. 1780ల్లో ఉత్తర సర్కార్లను తిరిగి చూసిన సర్క్యూట్ కమిటీ నివేదికలు, కలెక్టర్ల పాత ఉత్తరాలు, ఎప్పుడో జరిగిన పట్టాభిషేకాల వివరాలు సాక్ష్యాలయ్యాయి. అన్నదమ్ముల తగువు తీర్చడానికి జడ్జీలు చరిత్రకారుల అవతారం ఎత్తాల్సి వచ్చింది.

ఈ కాగితాల కథకు మొదలు 1802. ఆ ఏడు చెన్నపట్నం ప్రభుత్వం 25వ రెగ్యులేషన్‌తో శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చింది. జమీందారు సర్కారుకు కట్టాల్సిన పేష్కస్ ఇంత అని ఒకేసారి తేల్చేశారు. ఎస్టేటు ఆదాయంలో సుమారు మూడింట రెండు వంతులు సర్కారుకు, మిగిలింది జమీందారుకు. ఇక ఆ అంకె ఎప్పటికీ మారదు. జమీందారుకు సన్నదు ఇచ్చారు, ఆయన దగ్గర కబూలియత్, అంటే ఒప్పుదల పత్రం, రాయించుకున్నారు. పాత వంశాలు లేని హవేలీ భూములను ముఠాలనే ముక్కలుగా కోసి వేలం వేశారు. ఆ ముఠాదారుల్లో చాలామంది కిస్తు కట్టలేక కొద్దికాలానికే చేతులెత్తేశారు.

చిత్రమేమిటంటే, ఆ రెగ్యులేషన్‌లో ఎక్కడా ఎస్టేటు ముక్కలు కారాదని లేదు. పైగా జమీందారు తన హక్కును, మొత్తంగా గాని కొంత గాని, అమ్ముకోవచ్చు, దానం ఇవ్వచ్చు అని ఉంది. కలెక్టరు దగ్గర నమోదు చేయించి, పేష్కస్‌ను ఆ ముక్కకూ ఈ ముక్కకూ సర్దించుకుంటే చాలు. కిస్తు బాకీ పడితే సర్కారే వేలం వేసేది. అంటే సొంత తమ్ముడు వాటా అడిగితే విడదీయకూడని ఎస్టేటు, షావుకారు డిక్రీ పట్టుకొస్తే మాత్రం భేషుగ్గా ముక్కలయ్యేది. ఎస్టేటు గౌరవం, వంశ మర్యాద అంటూ అవిభాజ్యతను వెనకేసుకొచ్చినవాళ్ళు ఈ ముక్క మాత్రం మాట్లాడేవారు కాదు.

అప్పటి కృష్ణా జిల్లాలో రెండు ఎస్టేట్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ కాగితాల మహిమ తెలుస్తుంది. ఒకటి నూజివీడు, మేకా అప్పారావుల ఎస్టేటు. రెండోది దేవరకోట, అంటే చల్లపల్లి, యార్లగడ్డ వారిది.

నూజివీడు జమీందారు ఒకప్పుడు కంపెనీ మీద తిరగబడ్డాడు. తర్వాత 1802లో కంపెనీ ఆ ఎస్టేటును నూజివీడు, నిడదవోలు అని రెండుగా చేసి అన్నదమ్ములిద్దరికీ చెరొకటి ఇచ్చింది. తర్వాతి తరాల్లో నూజివీడులో వాటాల దావా లేచినప్పుడు ఈ పాత సంగతే కీలకమైంది. పాత రాజ్యం పోయింది, కొత్తగా ఇచ్చిన సన్నదులో ఒక్కడికే చెందాలన్న మాట లేదు, కాబట్టి ఇది మామూలు ఉమ్మడి ఆస్తే అని 1880 నాటికి లండన్‌లోని చివరి అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ తేల్చింది. దాంతో నూజివీడు ముక్కలైంది. ఉయ్యూరు, మీర్జాపురం వంటి పేర్లతో వేరు వేరు ఎస్టేట్లు, వేరు వేరు రాజాలు వచ్చారు. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకు మీర్జాపురం రాజా వేరే రకంగా తెలుసు. శోభనాచల స్టూడియో ఆయనదే, 1949లో 'కీలుగుర్రం' తీసిందీ ఆయనే. ఎస్టేటు పంచకుండా మొత్తం ఒక్కరి చేతుల్లోనే ఉండి ఉంటే తెలుగు సినిమాకు ఆ రాజా దొరికేవాడా అన్నది ఊహించుకోవడానికి సరదాగా ఉంటుంది.

చల్లపల్లిలోనూ అన్నదమ్ముల మధ్య దావా పడింది. అక్కడ తీర్పు ఇంకోలా వచ్చింది. ఆ ఇంటి ఆచారం రుజువైందని, ఎస్టేటు అవిభాజ్యమేనని కోర్టులు ఒప్పుకున్నాయి. 1900 నాటికి ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళిన ఆ వ్యవహారంలో వాటా అడిగిన వైపు మిగిలింది మనోవర్తి తగువే. రెండు ఊళ్ళూ అప్పట్లో ఒకే జిల్లాలోవి. ఒక చోట కుటుంబం నాలుగైదు దివాణాలయింది, ఇంకో చోట ఒక్కటే దివాణం నిలిచింది.

ఇప్పుడు పిఠాపురం. గంగాధర రామారావు పిల్లలు లేక వెంకటగిరి కుర్రవాణ్ణి దత్తత తెచ్చుకున్నాడు. కుర్రవాడు పిఠాపురం యువరాజుగా పెరిగాడు. ఇంతలో 1885లో రాజావారికి కొడుకు పుట్టాడు. దత్తుడు వచ్చాక కొడుకు పుడితే ఏం చెయ్యాలన్నది ధర్మశాస్త్రానికి కొత్త ప్రశ్న కాదు, దానికి వాటాల లెక్క ఉంది. కాని ఎస్టేటు పంచుకోరానిదైతే ఆ లెక్క ఎలా వెయ్యాలి? రాజావారు ఇంకో దారి తొక్కాడు. ఎస్టేటు పుట్టిన కొడుక్కే చెందాలని వీలునామా రాసి, 1890లో కన్నుమూశాడు. పసివాడి పేర ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ పాలనలోకి వెళ్ళింది. మైనర్ జమీందార్ల ఆస్తులు చూడడానికి 1804 నుంచీ ఉన్న సర్కారు శాఖ అది. దత్తుడు వేంకట సూర్య మహీపతి రామకృష్ణారావు దావా వేశాడు. తండ్రి వీలునామాతో తన పుట్టుక హక్కు, కాదు, దత్తత హక్కు పోదు అన్నది ఆయన వాదన. ప్రతివాదుల జాబితాలో పసివాడితో పాటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కూడా ఉంది. దివాణంలో యువరాజుగా పెరిగిన మనిషి, చివరికి ఆ దివాణాన్నే చూసుకుంటున్న సర్కారు మీద వ్యాజ్యం నడపాల్సి వచ్చింది.

1899లో తీర్పు వచ్చింది. అంతకు పదకొండేళ్ళ ముందు ఉత్తరాది ఎస్టేటు కేసొకదానిలో ప్రివీ కౌన్సిల్ ఒక మాట అంది. అవిభాజ్య ఎస్టేటులో కొడుకులకు పుట్టుకతో హక్కు లేదు, కాబట్టి ఏలుతున్నవాడు దాన్ని అమ్మినా, దానమిచ్చినా ఆపేవాడు లేడు అని. పిఠాపురానికీ అదే వర్తిస్తుందని న్యాయమూర్తులు నిర్ణయించారు. అమ్ముకునే హక్కున్నవాడికి వీలునామా రాసే హక్కూ ఉంటుంది. దత్తుడు ఓడిపోయాడు.

ఆ మాటకు చెన్నపట్నం రాజధానిలోని దివాణాలన్నీ ఉలిక్కిపడ్డాయి. ఎందుకంటే ఇప్పుడు ఏ జమీందారైనా తన ఇష్టం వచ్చినవాడికి ఎస్టేటు రాసెయ్యచ్చు, పందేలకూ పరదేశపు గుర్రాలకూ తాకట్టు పెట్టచ్చు, కొడుకులు చూస్తూ ఊరుకోవాలి. అప్పటిదాకా అవిభాజ్యతంటే తమ్ముళ్ళకే నష్టం. ఇక పెద్దకొడుక్కీ భయమే. ప్రభుత్వం 1902లో తాత్కాలికంగా ఒక చట్టం తెచ్చి, 1904లో దాన్ని మద్రాసు అవిభాజ్య ఎస్టేట్ల చట్టంగా స్థిరపరిచింది. ఎస్టేట్ల పేర్లతో ఒక జాబితా తయారుచేశారు. ఆ జాబితాలో ఉన్న ఎస్టేటును ఏలేవాడు తన జీవితకాలం దాటి చెల్లేలా అమ్మడానికీ తాకట్టు పెట్టడానికీ వీల్లేదు. ఉమ్మడి కుటుంబాన్ని నడిపే కర్తకు, అది కూడా తండ్రో తాతో కాని కర్తకు ఉన్నంత అధికారమే అతనికీ ఉంటుంది. అలా ఒక ఆచారం గెజెట్ పట్టికయింది. ఏది ప్రాచీనమో చట్టం ఒక జాబితా రాసి చెప్పింది.

పిఠాపురం కథ అక్కడితో అయిపోలేదు. ఓడిన దత్తుడి కొడుకు మనోవర్తి కోసం మళ్ళీ కోర్టుకెక్కాడు. ఎస్టేటు రాకపోతే పోయింది, కనీసం బతకడానికి ఏర్పాటు చెయ్యమని అడిగాడు. 1918లో ప్రివీ కౌన్సిల్ అదీ కాదంది. ఉమ్మడి హక్కే లేనప్పుడు దాని మీద ఆధారపడ్డ మనోవర్తి హక్కు ఎక్కడిది, కొడుకులకు ఉంటే ఉండొచ్చు గాని ఆ తర్వాతి వాళ్ళకు ఆచారం రుజువైతే తప్ప లేదు అని తీర్పు. తర్కానికి లోటు లేదు. కాని రాచకుటుంబంలో పుట్టి, వేరే పని నేర్చుకోకుండా పెరిగిన మనిషికి ఆ తర్కం కూడు పెట్టదు. 1934లో చట్టాన్ని సవరించి ఎవరెవరికి మనోవర్తి దక్కాలో వరసలు రాసే దాకా ఆ చిక్కు వీడలేదు.

ఇక గెలిచిన పసివాడెవరో చెప్పుకోవాలి. ఆయనే రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు. సూర్యరాయాంధ్ర నిఘంటువులో ఉన్న సూర్యరాయుడు ఆయనే. ఆంధ్ర సాహిత్య పరిషత్తు చేపట్టిన ఆ నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. కాకినాడ పి.ఆర్. కాలేజీకి, అక్కడి బ్రహ్మసమాజానికి, అనాథాశ్రమానికి ఆయన సొమ్ము పెట్టాడు. బ్రహ్మసమాజ సంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడి ప్రభావం ఆయన మీద గాఢంగా ఉండేది. వీలునామా చెల్లకపోయి ఉంటే ఆ డబ్బు ఏ దారి పట్టేదో ఎవరు చెప్పగలరు? తెలుగు భాషకు లండన్ జడ్జీలు తెలియకుండానే ఒక మేలు చేశారని అనుకోవడంలో తప్పు లేదు. అదే తీర్పు ఇంకో కుటుంబాన్ని రోడ్డున పడేసిందన్నదీ అంతే నిజం.

విజయనగరంలో తగువు మరో రూపంలో వచ్చింది. 1897లో ఆనంద గజపతి సంతానం లేకుండా పోయాక ఆయన తల్లి ఒక బాలుణ్ణి దత్తత చేసుకుంది. ఆ దత్తత చెల్లదంటూ జ్ఞాతులు దావాకు దిగారు. ఆనంద గజపతి తోబుట్టువు, రీవా మహారాణి అప్పలకొండయాంబ దగ్గర ఆంతరంగిక కార్యదర్శిగా ఉన్నవాడు గురజాడ అప్పారావు. 'కన్యాశుల్కం' రాసిన చెయ్యి ఏళ్ళ తరబడి ఆ దావా కాగితాలతో కుస్తీ పట్టింది. చివరికి వ్యవహారం రాజీతో ముగిసింది. కోర్టు వ్యవహారాల గురించి, దొంగసాక్ష్యాల గురించి గురజాడకు అంత చక్కగా ఎలా తెలుసని ఎవరైనా అడిగితే, ఆయన ఉద్యోగం వైపు ఒకసారి చూడమనాలి. నాటకం ముందు రాసిందే అనుకోండి, 1909లో దాన్ని తిరగరాసేటప్పటికి దావా అనుభవం చేతినిండా ఉంది.

ఆ దత్తుడి రెండో కొడుకే విజ్జీ. విజయనగరం అన్నకు దక్కింది. తమ్ముడు కాశీలోని కుటుంబపు ఆస్తుల దగ్గరికి చేరి, అక్కడ క్రికెట్ మైదానం వేయించి, దేశదేశాల ఆటగాళ్ళను పిలిపించి ఆడించాడు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు కెప్టెన్ కూడా అయ్యాడు. లోకానికి మహారాజ్‌కుమార్ ఆఫ్ విజయనగరం. బిరుదులో ఉన్న ఆ 'కుమార్' అన్న ముక్కే మొత్తం చట్టం: రాజు కొడుకే గాని రాజు కాడు.

ఇంత తగువులో ఊళ్ళల్లో కౌలు కట్టే రైతు ఎక్కడున్నాడు? పేష్కస్ 1802 అంకె దగ్గరే ఆగిపోయింది గాని, రైతు దగ్గర వసూలు చేసే శిస్తు ఆగలేదు. రెండింటి మధ్యా పెరిగిన తేడా అంతా దివాణానిదే. అన్నదమ్ములు లండన్ దాకా పోట్లాడుకున్నది ఈ తేడా కోసమే. 1908లో ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం వచ్చి, జిరాయితీ భూమి సాగుచేసే రైతుకు అనుభవ హక్కు ఖాయం చేసింది. ఆ హక్కు వారసులకు దక్కుతుంది, అమ్ముకోవచ్చు, పంచుకోవచ్చు. అంటే ఒకే పొలంలో పైనున్న రాజు హక్కు ముక్కలు కాదు, కిందున్న రైతు హక్కు తరానికోసారి ముక్కలవుతూనే ఉంటుంది. 1937లో రెవెన్యూ మంత్రి అయిన టంగుటూరి ప్రకాశం జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించి, మరుసటి ఏడు నివేదిక ఇచ్చాడు. భూమికి యజమాని రైతే, జమీందారు వసూలు చేసి పెట్టే మనిషి మాత్రమే, శిస్తు 1802 నాటి స్థాయికి దిగాలి అని ఆ సంఘం అంది. నివేదిక అప్పట్లో చట్టం కాలేదు. 1947లో శిస్తులను పక్కనున్న రైత్వారీ ఊళ్ళ (రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే ఊళ్ళ) స్థాయికి దింపారు. 1948లో 26వ చట్టంతో ఎస్టేట్లనే రద్దు చేశారు. మరుసటి ఏడు నుంచి ఒక్కొక్క ఎస్టేటునూ నోటిఫై చేసి సర్కారు స్వాధీనం చేసుకుంటూ పోయింది. నిజాం ఏలిన హైదరాబాదులో జాగీర్ల రద్దు కూడా 1949 ఆగస్టులోనే.

పోయిన ఎస్టేటుకు నష్టపరిహారం ఇచ్చారు. ఎస్టేటు మీద ఏటా మిగిలే నికరాదాయం ఎంతో లెక్కకట్టి, చిన్న ఎస్టేటుకైతే దానికి ముప్ఫై రెట్లు, పెద్దదానికి తగ్గుతూ వెళ్ళి లక్ష రూపాయలు దాటినవాటికి పన్నెండున్నర రెట్లు కట్టారు. సొమ్ము ట్రిబ్యునల్ దగ్గర జమ అయ్యేది. అప్పుడొచ్చింది అసలు ప్రశ్న. పంచకూడదన్న ఎస్టేటు ఇప్పుడు లేదు. దాని బదులు నోట్లూ బాండ్లూ ఉన్నాయి. అవి ఎవరివి?

చట్టం 45వ సెక్షన్‌లో దీనికి జవాబు రాసిపెట్టింది. మనోవర్తిదారులకు అయిదో వంతు మించకుండా కొంత, అప్పులవాళ్ళకు రావాల్సింది కొంత పోగా, మిగిలినదాన్ని జమీందారూ అతని సంతతీ ఉమ్మడి హిందూ కుటుంబమైనట్టు, నోటిఫై చేసిన రోజునే పంచుకున్నట్టు భావించి వాటాలు వెయ్యాలి. నూట యాభై ఏళ్ళు కాదు కాదని పోట్లాడిన మితాక్షర లెక్కే, ఎస్టేటు పోయిన రోజున మళ్ళీ వచ్చి కూర్చుంది. తమ్ముళ్ళూ వాళ్ళ పిల్లలూ మాత్రం పాత వరసలోనే, మనోవర్తి జాబితాలోనే ఉండిపోయారు. కోటలు, బంగళాలు, నగలు ఈ లెక్కలోకి వస్తాయా, అవి ఎస్టేటులో కలిసిపోయాయా లేక విడిగా పంచుకునేవా అన్నది మరో తగువు. విజయనగరం వారి అలాంటి దావా 1963లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళి తేలింది.

వాటాదారులెవరో చెప్పిన ఆ సెక్షన్ వాక్యం ఒకసారి చదవదగ్గది. జమీందారు, అతని కొడుకులు, మనవలు, మునిమనవలు. ఆ తేదీకి బతికున్నవాళ్ళూ, తల్లి గర్భంలో ఉన్నవాళ్ళూ. ఆ తేదీకి ముందు దత్తత వచ్చినవాళ్ళు కూడా.